కాసెల్‌కు 1001 మంది: ఐ వెయ్‌వెయ్ భాగస్వామ్య కళ

ఈ అంశం ఎందుకు

యూజీసీ నెట్ విజువల్ ఆర్ట్ పేపర్ రాసేవాళ్లు, బీఎఫ్‌ఏ, ఎంఎఫ్‌ఏ చదివేవాళ్లు 1960 తర్వాతి ప్రపంచ కళను వదిలేయడానికి లేదు. హ్యాపెనింగ్స్, పర్ఫార్మెన్స్ ఆర్ట్, ఇన్‌స్టలేషన్ ఆ పాఠంలోనివే. చాలామంది వీటిని కళాకారుడు, కృతి, సంవత్సరం అని పట్టిక వేసి బట్టీ పట్టేస్తారు. ఒక మార్కు ప్రశ్నకు అది చాలు. ‘జనమే వచ్చి పాల్గొనే కృతిలో కళాకారుడు చేసిందేమిటి, జనం చేసిందేమిటి?’ అని వ్యాసరూప ప్రశ్న వస్తే మాత్రం పట్టిక ఆదుకోదు. అందుకే ఒక్క కళాకారుణ్ణి తీసుకుని లోతుగా చూద్దాం. ఆయన చైనాకు చెందిన ఐ వెయ్‌వెయ్.

చైనీయుల పేర్లలో మనకు లాగే ఇంటిపేరు ముందుంటుంది. ‘ఐ’ ఇంటిపేరు. జవాబులో తొలిసారి పూర్తి పేరు రాసి, ఆ తర్వాత ఒకే రూపం వాడండి.

చదువుతున్నంతసేపూ నాలుగు ప్రశ్నలు పక్కన పెట్టుకోండి. వచ్చినవాళ్లు ఎవరు? వాళ్లు తమది ఏం పెట్టారు? ఏం తీసుకెళ్లారు? చివరికి ఎవరి పేరు మిగిలింది? ఎంతమంది వచ్చారన్న లెక్క కన్నా ఈ నాలుగింటికి దొరికే జవాబులే కృతి బలాన్ని చెబుతాయని నా నమ్మకం.

భాగస్వామ్య కళ అంటే

చూడటానికి వచ్చినవాళ్లో, పిలిస్తే వచ్చినవాళ్లో ఏదైనా చేస్తే తప్ప పూర్తికాని కృతిని భాగస్వామ్య కళ అంటారు. అలన్ కాప్రో 1959లో న్యూయార్క్‌లో ‘18 హ్యాపెనింగ్స్ ఇన్ 6 పార్ట్స్’ చేసినప్పుడు ప్రేక్షకులకు సూచనలున్న కార్డులిచ్చి, ఎప్పుడు ఏ గదిలోకి వెళ్లాలో చెప్పాడు. 1964లో యోకో ఓనో ‘కట్ పీస్’లో తాను కదలకుండా కూర్చుని, తన బట్టలను ప్రేక్షకుల చేత కత్తిరింపజేసింది. జర్మనీ కళాకారుడు జోసెఫ్ బాయిస్ దీన్ని ఇంకా ముందుకు తీసుకెళ్లి ‘సామాజిక శిల్పం’ అన్న భావన తెచ్చాడు. సమాజాన్ని మలచడం కూడా శిల్పమే, ఆ పని అందరిదీ అని ఆయన వాదన. 1982లో కాసెల్ నగరంలో 7000 ఓక్ మొక్కలు నాటే పని మొదలుపెట్టాడు. ఒక్కో మొక్క పక్కన ఒక్కో నల్లరాతి స్తంభం. 1986లో ఆయన చనిపోయాక, 1987లో అది పూర్తయింది. కాసెల్ పేరు గుర్తుంచుకోండి, మన కథ అక్కడికే వెళ్తుంది.

సిద్ధాంతం వైపు నికొలా బూరియో 1998 నాటి ‘రిలేషనల్ ఈస్థటిక్స్’, క్లేర్ బిషప్ 2012 నాటి ‘ఆర్టిఫిషియల్ హెల్స్’ అడుగుతుంటారు. మనుషుల మధ్య సంబంధమే కళకు ముడిసరుకు అంటాడు బూరియో. సంబంధం మంచిదైనంత మాత్రాన కళ మంచిదైపోదు అంటుంది బిషప్.

ముందు వచ్చిన చెరువు

చైనాలో 1990ల పర్ఫార్మెన్స్ ఆర్ట్ ఎక్కువగా ఒంటి మీద జరిగింది. బీజింగ్ శివారులో చౌకగా అద్దెకు దొరికే ఒక వాడలో యువ కళాకారులు చేరి దానికి ‘ఈస్ట్ విలేజ్’ అని పేరు పెట్టుకున్నారు. 1965లో హెనాన్ రాష్ట్రంలో పుట్టిన జాంగ్ హ్వాన్ 1994లో ‘12 చదరపు మీటర్లు’ అన్న కృతిలో ఒంటికి తేనె, చేపనూనె పూసుకుని, ఈగలు ముసిరే బహిరంగ మరుగుదొడ్డిలో గంటసేపు కూర్చున్నాడు. అందులో ఇంకెవరూ లేరు. ఓర్చుకున్నది ఆయన ఒక్కడే.

1997 ఆగస్టులో ఆయనే దారి మార్చాడు. పల్లెల నుంచి బీజింగ్‌కు పనికోసం వచ్చిన 40 మందికి పైగా కూలీలను ఒక చేపల చెరువులోకి దించాడు. వాళ్లు ముందు గట్టు చుట్టూ నిలబడి, తర్వాత ఛాతీలోతు నీళ్లలోకి నడిచి ఆగారు. మధ్యలో జాంగ్ హ్వాన్, ఆయన భుజాల మీద ఒక పిల్లవాడు. కృతి పేరు ‘చేపల చెరువులో నీటిమట్టం పెంచడం’. అన్ని ఒళ్లు దిగితే నీళ్లు లేస్తాయి, మనుషులు గట్టెక్కగానే మళ్లీ దిగిపోతాయి. నగరాన్ని కట్టిన చేతులకు ఆ నగరంలో దక్కిన చోటెంతో ఇంతకన్నా సూటిగా చెప్పడం కష్టం.

ఇప్పుడు నాలుగు ప్రశ్నలూ వేయండి. వచ్చింది వలస కూలీలు, పెట్టింది తమ ఒళ్లు. మిగిలింది ఒక ఛాయాచిత్రం, దాని కింద జాంగ్ హ్వాన్ పేరు. ఆ 40 మంది పేర్లు మ్యూజియం చీటీ మీద కనబడవు. నాకెంతో ఇష్టమైన కృతి ఇది, అయినా ఆ లోటు లోటే. పదేళ్ల తర్వాత వెయ్‌వెయ్ చేసిన పని సరిగ్గా అక్కడే తేడాగా ఉంటుంది.

వెయ్‌వెయ్ వచ్చిన దారి

1957లో బీజింగ్‌లో పుట్టారు. తండ్రి ఐ చింగ్ చైనాలో పేరున్న కవి. కమ్యూనిస్టు పార్టీ సాగించిన ‘మితవాద వ్యతిరేక ఉద్యమం’లో ఆయన మీద ముద్రవేసి, కుటుంబంతో సహా ఈశాన్య సరిహద్దుకు, అక్కడి నుంచి షిన్‌జియాంగ్‌కు పంపేశారు. సాంస్కృతిక విప్లవ కాలంలో ఆ కవి చేత మరుగుదొడ్లు కడిగించారు. కొన్నాళ్లు ఆ కుటుంబం నేలలో తవ్విన గుంతలో తలదాచుకుంది. వాళ్లు బీజింగ్‌కు తిరిగొచ్చింది 1976లో. కాగితం మీద ఒక మనిషి పేరు కొట్టేస్తే ఏమవుతుందో చిన్నప్పుడే చూసిన వ్యక్తి వెయ్‌వెయ్. ఆయన కృతుల్లో పేర్లు, జాబితాలు, పాస్‌పోర్టులు అన్నిసార్లు ఎందుకొస్తాయో అర్థం కావాలంటే ఈ నేపథ్యం తెలియాలి.

1979లో ‘స్టార్స్’ బృందం బీజింగ్ జాతీయ కళా మ్యూజియం బయట కంచెకు తమ బొమ్మలు వేలాడదీసింది. వెయ్‌వెయ్ అందులో సభ్యుడు. 1981 నుంచి 1993 వరకు అమెరికాలో ఉండి, తండ్రికి జబ్బు చేయడంతో తిరిగొచ్చారు. 1995 నాటి ‘డ్రాపింగ్ ఎ హాన్ డైనాస్టీ అర్న్’ పరీక్షల్లో తరచూ కనిపిస్తుంది. రెండు వేల ఏళ్ల నాటి కుండను ఆయన చేతుల్లోంచి వదిలేయడం, అది గాలిలో ఉండటం, ముక్కలవడం, ఇలా మూడు ఫొటోలు. అది పర్ఫార్మెన్సే గానీ భాగస్వామ్య కళ కాదు. ఈ తేడా మరవకండి.

2008 బీజింగ్ ఒలింపిక్స్ స్టేడియం ‘బర్డ్స్ నెస్ట్’ డిజైన్‌లో స్విట్జర్లాండ్ ఆర్కిటెక్టులు హెర్జోగ్, డి మ్యూరాన్‌లకు సలహాదారుగా పనిచేశారు. స్టేడియం పూర్తవకముందే, ఒలింపిక్స్‌ను ప్రచారానికి వాడుకుంటున్నారంటూ తప్పుకున్నారు. ఇక 2005లో సినా వెబ్‌సైట్‌లో బ్లాగు మొదలుపెట్టడం చిన్న వివరంలా కనిపిస్తుంది. తర్వాత చేసిన తొలి భాగస్వామ్య కృతులకు జనం వచ్చింది ఆ బ్లాగు ద్వారానే.

‘ఫెయిరీటేల్’, 2007

జర్మనీలోని కాసెల్‌లో ఐదేళ్లకోసారి వంద రోజులపాటు ‘డాక్యుమెంటా’ జరుగుతుంది. 1955లో ఆర్నాల్డ్ బోడె దీన్ని మొదలుపెట్టాడు. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబులకు నేలమట్టమైన ఊరిలోకి కళను తిరిగి తేవాలన్నది ఆలోచన. గ్రిమ్ సోదరులు జానపద కథలు సేకరించిందీ ఈ కాసెల్‌లోనే. 2007లో 12వ డాక్యుమెంటాకు పిలుపు రాగానే వెయ్‌వెయ్ 1001 మంది చైనీయులను కాసెల్‌కు తీసుకొస్తానన్నారు. పేరు ‘ఫెయిరీటేల్’. అయిన ఖర్చు సుమారు 31 లక్షల యూరోలు. స్విట్జర్లాండ్ ఫౌండేషన్లు భరించాయి.

బ్లాగులో ప్రకటన పెడితే మూడు రోజుల్లో 3000 దాకా దరఖాస్తులొచ్చాయి. ఎంపికైనవాళ్లలో రైతులు, ఉద్యోగం ఊడినవాళ్లు, విద్యార్థులు, టీచర్లు, చిల్లర వ్యాపారులు ఉన్నారు. సొంత ఖర్చుతో విదేశం వెళ్లే స్తోమత లేనివాళ్లకు పెద్దపీట వేశారు. ప్రతి ఒక్కరూ 99 ప్రశ్నల పత్రం నింపాలి.

పరీక్ష పుస్తకాలు అంతటితో ఆగి ‘1001 మంది జర్మనీ వెళ్లారు’ అని ముగిస్తాయి. నాకైతే అసలు కృతి విమానం ఎక్కకముందే సగం జరిగిపోయిందనిపిస్తుంది. విదేశం వెళ్లాలంటే పాస్‌పోర్టు కావాలి, దానికి గుర్తింపు కాగితాలు కావాలి, తర్వాత జర్మనీ వీసా. ఊరు దాటి ఎరగని రైతు ఆఫీసు కిటికీ ముందు నిలబడి తన పేరు, పుట్టిన తేదీ, ఎక్కడికి పోతున్నాడు, ఎందుకు పోతున్నాడు చెప్పుకోవాలి. మారుమూల మైనారిటీ తెగల గ్రామాల ఆడవాళ్లలో కొందరికి కాగితం మీద రాయడానికి పేరే లేదని, ఈ ప్రయాణం కోసమే పెట్టుకున్నారని వెయ్‌వెయ్ ఇంటర్వ్యూల్లో చెప్పారు. ఇంట్లో ఫలానావాడి భార్యగా, ఫలానావాడి తల్లిగా బతుకు వెళ్లదీసిన మనిషికి తనదంటూ ఒక పేరు, దాని మీద సర్కారు ముద్ర! ప్రదర్శన ముగిసినా ఆ పాస్‌పోర్టు ఆమె దగ్గరే ఉంటుంది.

కాసెల్‌లో వాళ్లు జూన్, జూలై నెలల్లో ఐదు విడతలుగా, విడతకు సుమారు రెండు వందల మంది చొప్పున ఉన్నారు. ఒక పాత ఫ్యాక్టరీ భవనంలో తెల్లగుడ్డ తెరలు కట్టి పడకలు వేశారు. అందరికీ ఒకే రకం సూట్‌కేసు. ఆ తర్వాత ఏం చేయాలో ఎవరూ చెప్పలేదు. పాట పాడమనలేదు, వరసలో నిలబడమనలేదు. ఊరంతా తిరిగారు, బొమ్మలు చూశారు, పార్కుల్లో కూర్చున్నారు. కాసెల్ వాసులకు మాత్రం ప్రతి వీధి మలుపులో చైనా సూట్‌కేసు కనబడింది. ప్రదర్శనశాలల్లో చింగ్ రాజవంశ కాలపు కొయ్య కుర్చీలు 1001 పెట్టారు. ఎవరైనా కూర్చోవచ్చు. ఒక్కో కుర్చీ ఒక్కో యాత్రికుడికి గుర్తు.

అదే డాక్యుమెంటాలో వెయ్‌వెయ్ ‘టెంప్లేట్’ అనే కట్టడం కూడా పెట్టారు. కూల్చేసిన మింగ్, చింగ్ కాలపు ఇళ్ల తలుపులు, కిటికీలు పేర్చి కట్టింది. జూన్‌లో వచ్చిన గాలివానకు కూలిపోయింది. ఆయన దాన్ని మళ్లీ నిలబెట్టకుండా కూలినట్టే ఉంచేశారు. ఇది భాగస్వామ్య కృతి కాదు. రెండింటినీ కలిపేసి రాసేవాళ్లు ఎక్కువ కాబట్టి చెబుతున్నాను.

1001 అన్న అంకె మీద వెయ్‌వెయ్ పట్టుదల గమనించండి. వెయ్యి అంటే గుంపు, 1001 అంటే ఒక్కొక్కరినీ లెక్కపెట్టినట్టు. ప్రయాణాన్ని చిత్రీకరించి 2008లో తీసిన డాక్యుమెంటరీలో యాత్రికులు తమ ఇళ్లలో కూర్చుని తమ కథ తామే చెప్పుకుంటారు.

సిచువాన్: పేర్లు సేకరించడమే కృతి

2008 మే 12న సిచువాన్ రాష్ట్రంలో పెను భూకంపం. సుమారు 69,000 మంది చనిపోయారు, మరో 18,000 మంది ఆచూకీ దొరకలేదు. పక్కనున్న భవనాలు నిలబడి ఉండగా బడులు మాత్రం కుప్పకూలిన చోట్లున్నాయి. నాసిరకం నిర్మాణమని తల్లిదండ్రులు ఆక్రోశించారు. ఎంతమంది పిల్లలు పోయారు, వాళ్లు ఎవరెవరు అంటే అధికారుల నుంచి నెలల తరబడి జవాబు లేదు.

2008 డిసెంబరులో వెయ్‌వెయ్ బ్లాగు ద్వారా వాలంటీర్లను పిలిచి ‘పౌర దర్యాప్తు’ మొదలుపెట్టారు. వాళ్లు ఊరూరా, గడప గడపకూ వెళ్లి అడిగినవి నాలుగే: పిల్ల పేరు, పుట్టిన తేదీ, బడి, తరగతి. పోలీసులు వాళ్లను పట్టుకెళ్లారు, రాసుకున్న నోట్సు లాక్కున్నారు. వాళ్లు మళ్లీ వెళ్లారు. ఐదు వేలకు పైగా పేర్లు పోగయ్యాయి. జాబితా బ్లాగులో పెట్టారు, స్టూడియో గోడ మీద నేల నుంచి పైదాకా అంటించారు. 2009 మే నెలలో ప్రభుత్వం తన లెక్క ప్రకటించింది: 5,335 మంది విద్యార్థులు మరణించడమో గల్లంతవడమో జరిగిందని. అదే నెలాఖరులో వెయ్‌వెయ్ బ్లాగును మూసేశారు.

ఆ ఆగస్టులో, ఇదే విషయం మీద పనిచేసిన తాన్ జ్వోరెన్ కేసులో సాక్ష్యం చెప్పడానికి చెంగ్‌డూ వెళ్లిన వెయ్‌వెయ్‌ను తెల్లవారుజామున హోటల్ గదిలో పోలీసులు కొట్టారు. నెల తర్వాత మ్యూనిక్‌లో మెదడులో రక్తస్రావానికి ఆపరేషన్ జరిగింది. అక్కడి హౌస్ డెర్ కున్స్ట్ ముంగోడకు 9000 స్కూలు బ్యాగులు కట్టి, కూతుర్ని పోగొట్టుకున్న ఒక తల్లి అన్న మాటను చైనీస్ అక్షరాల్లో నిలిపారు. పాప ఈ లోకంలో ఏడేళ్లు సంతోషంగా బతికిందన్నది ఆ మాట సారం. కృతి పేరు ‘రిమెంబరింగ్’.

భాగస్వామ్యం దృష్ట్యా నాకు అంతకన్నా గొప్పగా తోచేది 2010 మే 12న విడుదలైన ‘రిమెంబ్రన్స్’ అనే శబ్దకృతి. చనిపోయిన పిల్లల పేర్లు చదివి పంపమని ట్విట్టర్‌లో అడిగారు. ఎవరెవరో, ఎక్కడెక్కడి నుంచో తమ గొంతుతో చదివి పంపారు. వాటిని వరసగా కూర్చితే మూడున్నర గంటలు దాటింది. ఇందులో బొమ్మ లేదు, సంగీతం లేదు. ఒక పేరు, దాని వెంట ఇంకో పేరు. చదివినవాళ్లు పెట్టింది తమ గొంతు, దానితోపాటు కొంత తెగింపు. ఆ పిల్లల పేర్లు గట్టిగా పలకడం ఆ రోజుల్లో చైనాలో బెదురు లేకుండా చేయగల పని కాదు.

అప్పుపత్రాలు

2011 ఏప్రిల్ 3న బీజింగ్ విమానాశ్రయంలో వెయ్‌వెయ్‌ను నిర్బంధించి 81 రోజులు ఉంచుకున్నారు. విడుదలయ్యాక, ఆయన పనులు చూసే సంస్థ కోటిన్నర యువాన్ల పన్ను బకాయి, జరిమానా కట్టాలని నోటీసు వచ్చింది. ఎవరూ అడగకముందే జనం డబ్బు పంపడం మొదలుపెట్టారు. కొందరు నోట్లను కాగితం విమానాలుగా మడిచి ఆయన ఇంటి గోడ మీదుగా లోపలికి విసిరారు. సుమారు 30,000 మంది నుంచి 90 లక్షల యువాన్ల దాకా వచ్చింది. ఆయన దాన్ని విరాళంగా కాక అప్పుగా తీసుకుంటానని, ఒక్కొక్కరి పేరున అప్పుపత్రం రాసిచ్చారు. మన పెళ్లిళ్లలో చదివింపుల పుస్తకంలాగా, ఎవరు ఎంత ఇచ్చారో పద్దు రాసుకున్నారన్నమాట. తర్వాత ఆ పత్రాలతోనే గోడకాగితం తయారుచేసి ప్రదర్శించారు. కళ కావాలని మొదలైంది కాదిది. చేతిలో పత్రం ఉన్న ప్రతివాడూ ఆయనకు ఋణదాతే. కళాకారుడికీ జనానికీ మధ్య పైచేయి ఎవరిదన్న లెక్క ఇక్కడ తిరగబడింది.

భాగస్వామ్యం అయినవి, కానివి

2010లో లండన్ టేట్ మోడర్న్ టర్బైన్ హాల్‌లో పరచిన ‘సన్‌ఫ్లవర్ సీడ్స్’ను చాలా గైడ్లు భాగస్వామ్య కళ కింద వేస్తాయి. 10 కోట్ల పింగాణీ గింజలు, పింగాణీకి పేరున్న జింగ్‌దెజెన్ ఊరిలో సుమారు 1600 మంది రెండున్నరేళ్లు కూర్చుని చేతితో రంగు వేసినవి. వాళ్లు కూలికి చేసిన పనివాళ్లు. సందర్శకులు గింజల మీద నడవచ్చని ముందు అనుకున్నా, లేచిన దుమ్ము ఊపిరితిత్తులకు హానికరమని కొద్ది రోజులకే ఆపేశారు. దీన్ని ఇన్‌స్టలేషన్ అనడమే క్షేమం.

2014లో శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గరి ఆల్కట్రాజ్ పాత జైలులో జరిగిన ప్రదర్శనలో సందర్శకులు ప్రపంచమంతటా జైళ్లలో ఉన్న రాజకీయ ఖైదీలకు పోస్టుకార్డులు రాశారు. పాస్‌పోర్టు చేతిలో లేక వెయ్‌వెయ్ స్వయంగా రాలేకపోయారు, బీజింగ్ నుంచే నడిపించారు. ఇది భాగస్వామ్యమే.

విమర్శలు

‘ఫెయిరీటేల్’ మీద ప్రధాన ఆక్షేపణ: 1001 మంది మనుషులను యూరప్‌లో ప్రదర్శనకు పెట్టారు, వాళ్లు చూడటానికి వచ్చారా, చూడబడటానికా? ఈ ప్రశ్నలో బలముంది. ఒకే రకం సూట్‌కేసులు ఇవ్వడం ఆ అనుమానాన్ని పెంచుతుంది. డబ్బు స్విట్జర్లాండ్‌ది, పేరు వెయ్‌వెయ్‌ది. బిషప్ చెప్పిన ‘డెలిగేటెడ్ పర్ఫార్మెన్స్’, అంటే తన బదులు ఇతరుల చేత చేయించే ప్రదర్శన, ఇక్కడ ఎంతవరకు వర్తిస్తుందో చర్చించవచ్చు. ఆ పదం జాంగ్ హ్వాన్ చెరువుకు సరిగ్గా సరిపోతుంది. కాసెల్ యాత్రికులకు చేయమని అప్పగించిన పనే లేదు కాబట్టి పూర్తిగా సరిపోదు.

వెయ్‌వెయ్ తడబడిన చోటు కూడా తెలియాలి. 2015లో టర్కీ తీరానికి కొట్టుకొచ్చిన సిరియా బాలుడి మృతదేహం ఫొటో లోకాన్ని కదిలించింది. 2016 జనవరిలో గ్రీసు దీవి లెస్బోస్ గులకరాళ్ల మీద వెయ్‌వెయ్ ఆ బాలుడి భంగిమలో బోర్లా పడుకుని ‘ఇండియా టుడే’ పత్రికకు ఫొటో ఇచ్చారు. దాన్ని ఢిల్లీలో ఇండియా ఆర్ట్ ఫెయిర్‌లో కూడా చూపించారు. విమర్శ వెల్లువెత్తింది, నా దృష్టిలో న్యాయంగానే. సిచువాన్‌లో తల్లిదండ్రుల గడప తొక్కి, అడిగి, వాళ్లు చెప్పింది రాసుకున్నారు. ఇక్కడ అడగడానికి ఆ పిల్లవాడు లేడు, పేరు పలికిన గొంతు లేదు, కనిపించేది కళాకారుడి ఒళ్లే.

మాదిరి ప్రశ్నలు, రాసే తీరు

‘ఫెయిరీటేల్‌లో కళాకృతి ఏది?’ అని అడిగితే కుర్చీలు, సూట్‌కేసులు, డాక్యుమెంటరీ అని వస్తువుల జాబితా రాయకండి. బ్లాగు ప్రకటన, 99 ప్రశ్నలు, పాస్‌పోర్టు, వీసా, ఐదు విడతల మకాం, ఇలా వరసగా ప్రక్రియ రాసి, వస్తువులు ఆ ప్రక్రియకు మిగిలిన ఆనవాళ్లని చూపండి. బాయిస్ ఓక్ మొక్కలతో ఒక వాక్యం పోల్చండి. ఊరు ఒక్కటే, మధ్యలో పాతికేళ్లు.

‘చైనా పర్ఫార్మెన్స్ ఆర్ట్ ఒంటి నుంచి జనం వైపు మళ్లిన తీరు’ అన్నప్పుడు 1994, 1997, 2007 మూడు మెట్లు చాలు: మరుగుదొడ్డిలో ఒక్కడు, చెరువులో 40 మంది, కాసెల్‌లో 1001 మంది. ప్రతి మెట్టు దగ్గర పేర్లు ఎవరివి నిలిచాయో రాయండి. లీ మింగ్‌వెయ్ భాగస్వామ్య కళలో పెద్ద పేరే గానీ తైవాన్‌లో పుట్టారు. ఈ జవాబులో ఆయన్ను చేర్చేటప్పుడు ఆ సంగతి రాయాలి.

బహుళైచ్ఛిక ప్రశ్నల్లో తికమక పెట్టే జతలు: ‘ఫెయిరీటేల్’ 2007, కాసెల్, డాక్యుమెంటా 12. ‘రిమెంబరింగ్’ 2009, మ్యూనిక్. ‘సన్‌ఫ్లవర్ సీడ్స్’ 2010, లండన్. వెనిస్ బియెనాలె వీటిలో దేనికీ వేదిక కాదు.